నున్నటి మొహం ఎవరి కోసం?

నీతి గురించి రాసిన పుస్తకాల్లో బాధలన్నీ పెద్దపెద్దవే. బ్రేకులు పోయిన ట్రామ్ బండి, మునిగిపోతున్న పడవ, యుద్ధం, కరువు. చదివేటప్పుడు మనం కూడా పెద్దమనుషులమైపోయి, ఐదుగుర్ని కాపాడాలా ఒకర్ని కాపాడాలా అని తెగ ఆలోచిస్తాం. పుస్తకం మూసేసి అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటాం. మెడ కింద చుర్రుమంటుంది. దాన్ని మాత్రం ఎవరూ నీతి ఖాతాలో రాయరు. మహా అయితే క్రీము ఖాతాలో రాస్తారు.

నా ప్రశ్న ఆ చుర్రుమనే దగ్గరే మొదలవుతుంది. గడ్డం గీసుకుంటే వచ్చే మంటా, పొక్కులూ చర్మం డాక్టరు చూసుకునే విషయం మాత్రమేనా? లేక మనం ఒకరికొకరం ఏం బాకీ ఉన్నాం అన్న ప్రశ్న కూడా అందులో ఉందా? ఉందనే నేననుకుంటున్నాను. ఎందుకో చెప్పేముందు అసలు ఆ మంట ఏమిటో చూడాలి. బాధ ఎట్లా పుడుతుందో తెలీకుండా దాని మీద నీతులు చెప్పడమంటే, లాగ్స్ చూడకుండా బగ్ ఎవరిదో తేల్చెయ్యడం లాంటిది.

*

మనం మంట అని ఒక్క మాటతో సరిపెట్టేవి నిజానికి మూడు. మొదటిది బ్లేడు రాపిడి. బ్లేడు వెంట్రుకని మాత్రమే కొయ్యదు, చర్మం పైపొరని కూడా కొంత గీకి తీసుకుపోతుంది. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా చూడటం ఆ పొర పని. అది పల్చబడ్డ చోట చెమట తగిలినా, సబ్బు తగిలినా, స్పిరిట్ కలిసిన లోషన్ తగిలినా మండుతుంది. ఎర్రబడి, ముట్టుకోకుండా వదిలేస్తే రెండుమూడు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండోది లోపలికి పెరిగే వెంట్రుక. వంకీ తిరిగే వెంట్రుకని కోస్తే దాని కొస సూదిలా తయారవుతుంది. పెరుగుతూ వంగి, పక్కనే చర్మంలోకి మళ్ళీ దిగుతుంది. మరీ లోతుగా కోస్తే పైకి రాకుండానే కుదురు గోడని పొడుచుకుని పక్కకి పోతుంది. మన ఒంట్లో పుట్టిన వెంట్రుకే అయినా, ఉండకూడని చోట ఉంది కాబట్టి ఒళ్ళు దాన్ని గుచ్చుకున్న ముల్లులాగే చూస్తుంది. వాపు, గట్టి పొక్కు, తర్వాత నల్లటి మచ్చ. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. మూడోది సూక్ష్మజీవులు చేరి కుదుళ్ళలో చీము పట్టడం.

ఏం చెయ్యాలో కూడా పెద్ద రహస్యమేం కాదు. గోరువెచ్చటి నీళ్ళతో తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది. నురగ రాసి ఒకట్రెండు నిమిషాలు ఆగాలి. బ్లేడు పదునుగా ఉండాలి. వెంట్రుక ఏ దిక్కుకి పెరుగుతుందో ఆ దిక్కుకే గియ్యాలి. మెడ మీద అవి అన్నీ ఒకే వైపుకి పెరగవు, వేలితో తడిమి చూసుకోవాలి. చర్మాన్ని లాగిపట్టి గియ్యకూడదు, గీసిన చోటే మళ్ళీ మళ్ళీ గియ్యకూడదు. తర్వాత చల్లటి నీళ్ళు, వాసన లేని మాయిశ్చరైజర్. పొక్కులు వచ్చేస్తే వాటిని గిల్లకూడదు, కొన్ని వారాలపాటు గియ్యడం మానెయ్యాలి. వెంట్రుక కాస్త పొడుగైతే చాలావరకు దానంతటదే బయటికొస్తుంది. ఆ తర్వాత కూడా నున్నగా కాకుండా, ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు వదిలేసి కత్తిరించుకోవడం మేలు. చీము పడితే, మచ్చలు గట్టిపడుతుంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

ఈ జాబితాని ఇంకోసారి చదవండి. ప్రతి సలహా వెనకా ఒక వసతి దాక్కుని ఉంది. వేడినీళ్ళు. పది నిమిషాల తీరిక. వెలుతురున్న అద్దం. కొత్త బ్లేడు. అన్నిటికన్నా బాగా పనిచేసే సలహా, ‘గియ్యడం మానెయ్యి’ అనేది. దానికి పైసా ఖర్చు లేదు గానీ, దానికి కావాల్సింది అనుమతి. అది మెడికల్ షాపులో దొరకదు.

వసతులు కంటికి కనిపించవు అనడానికి రేజర్ల కంపెనీ కథే సాక్ష్యం. 2002లో జిల్లెట్ భారతదేశం కోసం వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. దాన్ని ముందుగా పరీక్షించింది అమెరికాలో, ఎంఐటీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల మీద. వాళ్ళకి బాగానే పనిచేసింది. ఇక్కడికొచ్చాక వెంట్రుకలు ఇరుక్కుని మొరాయించింది. కారణం చిన్నది. అక్కడి విద్యార్థుల ముందు పారే కుళాయి ఉంది. ఇక్కడ చాలామంది ముందు ఉన్నది ఒక మగ్గెడు నీళ్ళు. తర్వాత కంపెనీ వాళ్ళు మన ఇళ్ళకొచ్చి, జనం ఎట్లా గీసుకుంటారో కూర్చుని చూసి, 2010లో ఒకే బ్లేడుతో పదిహేను రూపాయల గార్డ్ రేజర్ తెచ్చారు. వెక్టర్ తయారీలో ఎవరికీ దురుద్దేశం లేదు. ‘భారతీయుడు’ అనే మాట సరిపోతుందనుకున్నారు. ఆ మాట కింద ఏ నీళ్ళున్నాయో చూడలేదు.

ఇంకొక విషయం. 1971లో రెండు బ్లేడ్ల రేజర్ వచ్చింది. మొదటి బ్లేడు వెంట్రుకని లాగుతుంది, అది వెనక్కి ముడుచుకునేలోపు రెండోది కోస్తుంది. దాంతో తెగిన కొస చర్మం అంచు కన్నా కిందికి పోతుంది. ప్రకటనల్లో ‘నునుపు’ అని మనకి చూపించేది దాన్నే. పైన చెప్పిన రెండో జబ్బుకి దారి కూడా అదే. అంటే, వంకీల వెంట్రుకలున్న మనిషి విషయంలో నునుపూ, చర్మం సుఖమూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి పెరగాలంటే ఇంకోటి తగ్గాలి. ఏది తగ్గాలో ఎవరు తేలుస్తారన్నదే అసలు ప్రశ్న.

*

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పొద్దున ఆరింటికి నిలబడితే ఒక సంగతి కనబడుతుంది. వరంగల్ రోడ్డు మీంచి వచ్చే బస్సులూ, షేర్ ఆటోలూ దింపే జనంలో యూనిఫాం చొక్కా వేసుకున్నవాళ్ళు చాలామంది. భువనగిరి, ఆలేరు, జనగామ వైపు ఊళ్ళ నించి వచ్చి ఇక్కడ సెక్యూరిటీ గార్డులుగా చేస్తున్నవాళ్ళు. కొందరు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల గేట్ల దగ్గరికి, కొందరు హబ్సిగూడ వైపు షోరూములకీ ఆసుపత్రులకీ, కొందరు మా లాంటి అపార్టుమెంట్లకీ పోతారు. పన్నెండు గంటల డ్యూటీ. అందరి మొహాలూ నున్నగా ఉంటాయి.

అదే చోట మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు పోయే మా జనాన్ని చూడండి. మెడలో ఐడీ కార్డు, వీపు మీద లాప్‌టాప్ బ్యాగు, మొహం నిండా గడ్డం. మా ఆఫీసులో మేనేజర్ గడ్డం ఆయన అప్రైజల్ రేటింగుల కన్నా పొడుగ్గా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు.

ఒకప్పుడు తెలుగునాట గడ్డానికి కారణం కావాల్సొచ్చేది. ఇంట్లో ఎవరో పోయారు. భార్య కడుపుతో ఉంది. ప్రేమ విఫలమైంది. ఈ మూడోదానికి 1953లో ‘దేవదాసు’లో నాగేశ్వరరావు గడ్డం శాశ్వతంగా ముద్ర వేసేసింది. ‘గడ్డం పెంచావేంట్రా?’ అని అడిగేవాళ్ళు గానీ ‘ఎందుకు గీసుకున్నావు?’ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చేసరికి గడ్డం కారణం చెప్పే పని నించి బయటపడింది. ఇప్పుడది స్టైలు. కానీ అందరి గడ్డమూ బయటపడలేదు. నా గడ్డానికి కారణం అక్కర్లేదు. గేటు దగ్గరున్న మనిషి గడ్డానికి ఇప్పటికీ కావాలి. గీసుకోవాలా వద్దా అన్నది ఇష్టమై కూర్చున్నది నాకు, హుకుంగా మిగిలిపోయింది అతనికి.

మా గేటు దగ్గర చేసే ఒకాయన మెడ ఎప్పుడూ ఎర్రగా, గింజలు గింజలుగా ఉండేది. కాలర్ తగిలినప్పుడల్లా మెడ పక్కకి తిప్పుకునేవాడు. ఒకరోజు అడిగాను.

“ఏమైందన్నా మెడకి?”

“ఏం లేదు సార్, బ్లేడు పడదు నాకు. గీకినప్పుడల్ల గిట్లనే లేస్తయ్.”

“రెండ్రోజులు ఆపలేవా?”

“సూపర్‌వైజర్ వచ్చి చూస్తే ఫైన్ రాస్తడు సార్. మాల ఏసుకున్నప్పుడు మాత్రం మంచిగ మానుతది. నలభై ఒక్క దినాలు గీకుడు ఉండదు గద. అప్పుడు మస్తు నిమ్మలం.”

అయ్యప్ప దీక్ష తీసుకున్నప్పుడు గడ్డం గియ్యరు. ఆ మండలం రోజుల్లో ఏజెన్సీ వాళ్ళు చూసీచూడనట్టు ఊరుకుంటారట. అంటే ఒక మనిషి చర్మం ఏడాదికి నలభై ఒక్క రోజులు బాగుంటుంది, మిగతా మూడువందల ఇరవై నాలుగు రోజులు పుండుగా ఉంటుంది. ఆయన భక్తిని నేను శంకించడం లేదు. నన్ను పట్టుకున్నది ఇంకోటి. దేవుడి పేరు చెప్తే ఆగిన బ్లేడు, మెడ పేరు చెప్తే ఎందుకు ఆగదు?

*

ఇది మా గేటుకే పరిమితమైన విచిత్రం కాదు. మన వాయుసేనలో గడ్డం పెంచుకోవడానికి ఒక సిబ్బంది అనుమతి కోరిన కేసులో 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జుట్టు కత్తిరించడాన్నో, గడ్డం గియ్యడాన్నో మతం నిషేధించినవాళ్ళకే నిబంధనల్లో మినహాయింపు ఉంది, ఈ కేసు దాని కిందకి రాదని తేల్చింది. అక్కడ వాదనంతా మతం ఏం చెప్తోందన్న దాని చుట్టూ తిరిగింది. అమెరికా సైన్యంలో వాదన వైద్యం చుట్టూ తిరుగుతుంది. వంకీల జుట్టున్న నల్లజాతి సైనికుల్లో ఈ పొక్కుల జబ్బు చాలా ఎక్కువ. గియ్యకుండా ఉండాలంటే డాక్టరు చీటీ కావాలి. 2025లో మెరైన్ దళం నిబంధనలు బిగించి, ఏడాది దాటినా మినహాయింపు కావాల్సొస్తే ఆ మనిషిని కొలువులోంచి పంపించే వీలు కల్పించింది.

రెండు దేశాల పద్ధతులూ వేరు. లోపల ఉన్న లెక్క ఒకటే. నీ మొహం మీద నువ్వు బ్లేడు పెట్టకుండా ఉండాలంటే, నీ తరఫున దేవుడో డాక్టరో సాక్ష్యం చెప్పాలి. చర్మం తనంతట తాను చెప్పే సాక్ష్యం చెల్లదు.

గీకడం తప్పని నేననడం లేదు. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు, సంతోషంగా ఇస్తారు. అదే క్షవరం వందేళ్ళ కింద మొగుడు పోయిన ఆడపిల్ల నెత్తిన పడితే శిక్ష. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు జనం గొడవపడింది పెళ్ళి గురించే గానీ, ఆ గొడవలో ఆ తల కూడా ఉంది. కత్తి అదే, తల అదే. మొక్కుకున్న నోరు ఎవరిదన్నదే తేడా. గార్డు గడ్డాన్ని వితంతువు తలతో సమానం చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ రెండు బాధలకీ పోలికే లేదు. కానీ ‘కత్తి ఎవరి మాట మీద కదిలింది?’ అన్న ప్రశ్న రెండు చోట్లా అడగొచ్చు.

*

మా అపార్టుమెంట్ కమిటీలో సెక్యూరిటీ కాంట్రాక్టు రెన్యూ చేసే కాగితం వచ్చింది. అందులో ‘గార్డులు ప్రతిరోజూ క్లీన్ షేవ్‌తో రావాలి’ అని ఒక వాక్యం. దాన్ని తీసేద్దామన్నాను. పెద్ద చర్చే జరిగింది. అక్కడ వచ్చిన అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు, అందుకే వరసగా రాస్తున్నాను.

మొదటిది క్రమశిక్షణ. “డిసిప్లిన్ అనేది మొహం దగ్గరే మొదలవుతుందండీ,” అన్నారు రిటైరైన ఒక అంకుల్. నియమాలకి కారణాలుంటాయన్నది నిజమే. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువులొచ్చాక, మాస్కు మొహానికి అంటుకుని కూర్చోవాలి కాబట్టి సైనికుడి గడ్డం ప్రాణం మీదికి తెచ్చే విషయమైంది. నాచారంలోనే రసాయనాల మధ్య పనిచేసే మనిషి బిగుతు రెస్పిరేటర్ పెట్టుకోవాలంటే ఇవాళ్టికీ అదే కారణం చెల్లుతుంది. గడ్డం వెంట్రుకల సందుల్లోంచి గాలి దూరుతుంది. అక్కడ నియమం పనిలోంచే పుట్టింది. మా గేటు దగ్గర పుట్టినది చూసేవాళ్ళ కంటిలోంచి. ఈ రెండో రకం కారణానికి విలువే లేదనను. కానీ అది ఎంత బరువు మొయ్యగలదో తూచాలి.

అట్లా తూచిన కోర్టు ఒకటుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో పిజ్జా డెలివరీ చేసే ఒక నల్లజాతి యువకుణ్ణి గడ్డం తియ్యలేదని డొమినోస్ ఫ్రాంచైజీ తీసేసింది. అతనికి ఈ పొక్కుల జబ్బుంది. గడ్డమున్న డెలివరీ మనిషిని చూస్తే ఇరవై శాతం దాకా కస్టమర్లకి నచ్చదని సర్వే చూపించారు. 1993లో అప్పీలు కోర్టు, కస్టమర్లకి నచ్చకపోవడం ఇంత పని చెయ్యడానికి సరిపడే కారణం కాదంది. నియమం అందరికీ ఒకటే అయినా, అది కోసేది అందర్నీ ఒకేలా కాదు కదా. సాఫుగా పెరిగే వెంట్రుకలున్నవాడికి అది రెండు నిమిషాల పని. వంకీల వెంట్రుకలున్నవాడికి రోజూ ఒక గాయం. కాగితం మీద సమానత్వం ఉంది, మెడ మీద లేదు.

రెండో అభ్యంతరం లెక్కకి సంబంధించింది. “మనం నూటిరవై ఫ్లాట్లున్నాం. అందరికీ నీట్‌గా ఉంటే బాగుంటుంది. ఒక్కరికి కాస్త ఇబ్బంది.” ఇది వినడానికి బాగానే ఉంటుంది, ఎందుకంటే మాలాంటి వాళ్ళం రోజంతా మొత్తాలూ సగటులూ కట్టే పనే చేస్తాం. ఇక్కడ నాకు టి.ఎం. స్కాన్లన్ అనే తత్వవేత్త గుర్తొచ్చాడు. 1998లో వచ్చిన పుస్తకంలో ఆయన ఒక ఊహ చెప్తాడు. మన ఊరి భాషలోకి మారిస్తే ఇట్లా ఉంటుంది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్ నడుస్తోంది, 2019లో నడిచినట్టు. ప్రసారం చేసే గదిలో ఒక ఉద్యోగి చెయ్యి యంత్రం కింద ఇరుక్కుని షాకులు తగుల్తున్నాయి. ప్రాణం పోదు గానీ నొప్పి భరించలేనిది. అతన్ని విడిపించాలంటే పావుగంట ప్రసారం ఆపాలి. కోట్లమంది చూస్తున్నారు. ఎంతమంది చూస్తుంటే అతన్ని అట్లాగే వదిలెయ్యొచ్చు? స్కాన్లన్ జవాబు: ఎంతమందైనా సరే, వదలకూడదు. ఎందుకంటే ఆ కోట్లమంది సరదాని కలిపి అనుభవించే మనిషి ఒక్కడూ లేడు. ప్రతి ప్రేక్షకుడూ విడిగా వచ్చి ఆ ఉద్యోగి ముందు నిలబడి, ‘నా పావుగంట ఆట నీ నొప్పి కన్నా ఎక్కువ’ అని చెప్పగలగాలి. ఎవరూ చెప్పలేరు.

మా కేసులో నొప్పి అంత పెద్దది కాదు, నిజమే. కానీ అవతలి పక్కన ఉన్న లాభం ఇంకా చిన్నది. నూటిరవై ఫ్లాట్ల వాళ్ళం ఒక్కొక్కరమే గేటు దగ్గరికి పోయి, ‘కారులో పోతూ రెండు సెకన్లు నీ నున్నటి గడ్డం చూడటం నాకు ముఖ్యం, నీ మెడ రోజూ మండినా సరే’ అనగలమా? నేను అనలేను. కమిటీలో కూడా ఎవరూ ఆ వాక్యాన్ని ‘నేను’ అంటూ మొదలుపెట్టలేదు. ‘మనం’, ‘అందరూ’, ‘రెసిడెంట్స్’ అనే మొదలుపెట్టారు. చిన్న క్రూరత్వాలకి బహువచనం మంచి దుప్పటి.

మూడో అభ్యంతరం ఒప్పుకోలు. “తెలిసే కదా చేరాడు, ఇష్టం లేకపోతే వేరే పని చూసుకోవచ్చు.” తను నియమానికి ఒప్పుకున్నాడు, నిజం. కానీ ఒప్పుకోలు విలువ పక్కన ఇంకేం దారులున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. ఉప్పల్ నించి ఈసీఐఎల్ దాకా ప్రతి ఏజెన్సీ కాగితం మీదా అదే వాక్యం ఉన్నప్పుడు, అతను ఎంచుకుంది ఉద్యోగాన్ని గానీ ఆ మంటని కాదు. నేను కూడా ఒప్పుకున్నవి చాలా ఉన్నాయి, నైట్ కాల్స్ తో సహా. వాటి గురించి గొణిగే హక్కు వదులుకున్నానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగోది నాకు నిజంగా కష్టమైన అభ్యంతరం. “ఇట్లా ప్రతి చిన్నదాన్నీ నీతి ప్రశ్న చేస్తే అంతెక్కడ? రేపు బూట్లు కరుస్తున్నాయంటారు, నిలబడలేమంటారు.” అవును, అంటారు. అనాలి కూడా. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు రోజంతా నిలబడలేమని ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. కాళ్ళనొప్పి చిన్నదే. చిన్నది కాబట్టే దాన్ని చెప్పినవాళ్ళని చూసి నవ్వడం తేలిక. పెద్ద బాధలకి అంబులెన్సొస్తుంది, పేపర్లో పడుతుంది. చిన్న బాధకి ఉన్న ప్రమాదమే అది. ఫిర్యాదు చెయ్యడానికి సిగ్గుపడేంత చిన్నది, రోజూ వచ్చేంత పెద్దది.

*

సిగ్గుపడి నోరు మూసుకున్న మనిషి ఏం చేస్తాడో కూడా చూడాలి. మెడికల్ షాపుకి పోతాడు. “మొహానికి పొక్కులకి ఏదైనా క్రీమ్ ఇయ్యన్నా,” అంటాడు. చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు. రెండ్రోజుల్లో ఎరుపు పోతుంది, అద్భుతంలా ఉంటుంది. వారాలూ నెలలూ రాస్తే చర్మం పల్చబడుతుంది, నరాలు తేలతాయి, మొటిమలొస్తాయి, ఆపితే ముందుకన్నా ఘోరంగా మండుతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువైందంటే, చర్మవైద్యులు దీనికి ‘స్టెరాయిడ్‌తో చెడిన మొహం’ అని ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. షాపు కౌంటర్ మీద మాత్రం అలవాటు అంత త్వరగా మారలేదు.

ఇక్కడ తప్పెవరిది అంటే అందరూ గార్డు వైపే చూపిస్తారు. సొంత వైద్యం, అవగాహన లేదు, డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అని. పోవచ్చు. నెలకి 21 వేల లోపు జీతగాళ్ళకి ఈఎస్‌ఐ ఉంది, నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. కానీ పన్నెండు గంటల డ్యూటీ మనిషి ఓపీకి పోవాలంటే ఒక పూట నిద్రో, ఒక పూట జీతమో వదులుకోవాలి. మెడ మీది పొక్కుకి ఎవరు వదులుకుంటారు? పోయినా ఆ డాక్టరు చెప్పేది ‘కొన్నాళ్ళు గియ్యడం ఆపు’ అనే. మందు చీటీలో రాయగలిగిన డాక్టరు, దాన్ని పాటించే వీలు మాత్రం రాయలేడు. మా భాషలో చెప్పాలంటే, ఆ ట్యూబు ఒక ప్యాచ్. బగ్ కాంట్రాక్టు కాగితంలో ఉంది.

*

నున్నదనం లెక్క గార్డు మెడ దగ్గరే ముగిసిపోదు. నాచారంలో సెలూన్‌కి పోయే నాలాంటివాడి నునుపు ఇంకో ఒంటి మీద పడుతుంది. మంగలి పని చేసేవాళ్ళకి వచ్చే ఒక జబ్బుంది. కోసిన పొట్టి వెంట్రుకలు వేళ్ళ సందుల్లో మెత్తటి చర్మంలోకి సూదుల్లా దిగి, లోపల గూడు కట్టి, చీము పడతాయి. వైద్య గ్రంథాల్లో దాన్ని మంగలివాళ్ళ వృత్తి వ్యాధిగానే రాశారు. గార్డుకి తన వెంట్రుక తన చర్మంలోనే దిగుతుంది. క్షురకుడికి పరాయివాళ్ళ వెంట్రుక దిగుతుంది.

బెర్ట్రాండ్ రస్సెల్ పేరుతో ఒక చిక్కుముడి ప్రసిద్ధం. ఊళ్ళో తమకి తాము గడ్డం గీసుకోని వాళ్ళందరికీ, వాళ్ళకి మాత్రమే గడ్డం గీసే మంగలి ఒకడున్నాడు. మరి అతని గడ్డం ఎవరు గీస్తారు? ఇంజినీరింగ్ చదివిన ప్రతివాడూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్నతో ఫ్రెండ్స్‌ని విసిగించే ఉంటాడు. తర్కానికి అది గొప్ప ప్రశ్నే. కానీ ఆ మంగలికి గడ్డం తప్ప ఇంకేం లేదు. వేళ్ళు లేవు, కులం లేదు. మన ఊళ్ళలో మంగలి ఎవరి గడ్డం గియ్యాలో, ఎవరి గడ్డం ముట్టుకోకూడదో తర్కం తేల్చలేదు, కులం తేల్చింది. ఏడాదికోసారి ఇచ్చే గింజలకి ఊరంతటికీ గీసినవాడి పనిముట్ల పొది పేరు తిట్టుగా మిగిలింది. 2021 ఏప్రిల్ నించి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకి నెలకి 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇస్తోంది. మంచిదే. కానీ వేళ్ళ సందుల సంగతి కరెంటు బిల్లులో రాదు.

ఇదంతా చదివి రేపట్నించి ఎవరూ గడ్డం గీసుకోవద్దని నేను చెప్పడం లేదు. నున్నటి మొహం చాలామందికి ఇష్టం. ఊరి నించి వచ్చిన మనిషికి అది గౌరవం కూడా అయ్యుండొచ్చు, తలెత్తుకుని గేటు దగ్గర నిలబడే ధైర్యం. ఆ ఇష్టం అతనిదైనప్పుడు అతని మెడ మంట కూడా అతని లెక్కలోదే, మనం వేడినీళ్ళూ మంచి బ్లేడూ దొరికేలా చూస్తే చాలు. ఇష్టం మనదైనప్పుడు మంట మన లెక్కలోకి రావాలి. నేను చెప్పేది ఇంతే.

మా కమిటీ చివరికి ఆ వాక్యాన్ని మార్చింది. ‘శుభ్రంగా ఉండాలి, గడ్డం ఉంటే కత్తిరించుకుని ఉండాలి’ అని రాసింది. గార్డు గదిలో ఒక గీజర్ పెట్టడానికి కూడా ఒప్పుకుంది. ఏజెన్సీ సొంత రూల్ బుక్‌లో మాత్రం పాత వాక్యం అట్లాగే ఉంది. వాళ్ళకి మాతోపాటు ఇంకా చాలా గేట్లున్నాయి, ఒక్క గేటు కోసం పుస్తకం మార్చలేమన్నారు. ఆ మాటలో కూడా ఒక బహువచనం ఉంది. దాన్ని ఏకవచనంలోకి మార్చే పని ఒక్కో గేటు దగ్గరా ఎవరో ఒకరు చెయ్యాలి. మీ గేటు దగ్గరి కాంట్రాక్టు కాగితం ఎప్పుడైనా చదివారా?